ఒక గాటు ఎరుపు, రెండు గాట్లు ఆకుపచ్చ

కప్పాయన అసలు పేరు ప్రెస్సు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని బొమ్మలు గీయడం. మనిషి చెవి లోపలి భాగాలు, ఉల్లిపొర మీది కణాలు, కప్ప జీర్ణవ్యవస్థ. ముఖ్యంగా కప్ప. ఆ ఊళ్ళో బడికి వెళ్ళిన ప్రతివాడూ ఆయన గీసిన కప్ప పొట్టని చూసి గీసి మార్కులు తెచ్చుకున్నవాడే. అందుకే వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరూ ఆయన్ని కప్పగారూ అని పిలిచేవాళ్ళు. ఆయనా పలికేవాడు.

ఆయనకి ఉన్నది ఒకే ఒక్క దుగ్ధ. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం మీద కూడా ఆయన పేరు వేయలేదు. రాసినవాళ్ళ పేర్లు, సరిచూసినవాళ్ళ పేర్లు, ఆఖరికి కాగితం సరఫరా చేసిన కంపెనీ పేరు కూడా వేసేవాళ్ళు. "కప్ప పేగులన్నిటికీ పేర్లు వేశారే, నా పేరుకి చోటు లేదా?" అని ఏడాదికోసారి, కొత్త పుస్తకాలు వచ్చిన రోజున, భోజనం దగ్గర భార్య మీద విరుచుకుపడేవాడు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పాపం. "వాళ్ళకి కళ్ళు లేవండీ" అని సర్దిచెప్పేది. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలేదో ఆవిడకి తెలియదు.

అలాంటి మనిషికి ఒకరోజు పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ ఫోన్ చేసింది. "ఒక పాటని బొమ్మల పుస్తకంగా తెస్తున్నామండీ. మీ గీత నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మీరే వెయ్యాలి. అట్ట మీద మీ పేరు ఉంటుంది" అంది. అట్ట మీద పేరు అన్న మాట చెవిన పడ్డాక కప్పాయన ఇంకేమీ వినలేదు. సరే అనేశాడు. మూడుసార్లు సరే అన్నాక అప్పుడు గుర్తొచ్చి అడిగాడు, ఇంతకీ ఏ పాటండీ అని.

"ఎర్రగొడుగు పాట."

కప్పాయన పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ పాట తెలియనివాళ్ళు ఎవరు? ఒక సంగీతం మాస్టారు ఎప్పుడో తన బడి పిల్లల కోసం రాసుకున్న పాట అది. రేడియోవాళ్ళు ఒకసారి వేశారు, అంతే, ఇక దాన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. బస్సు డ్రైవర్లు ఈల వేసేది అదే, క్షవరం చేసేవాళ్ళు కత్తెర ఆడించేది దానికే, ఆడపిల్లలు తాడాట ఆడేదీ దాని మీదే.

ఎర్రా ఎర్రని గొడుగొకటి
ఎగిరిందమ్మా గాలిలో
ఆకూ ఆకూ చాటున
దాగిందమ్మా అడవిలో

చిన్నపాప చేతిలోంచి గొడుగు గాలికి ఎగిరిపోతుంది. ఆకుపచ్చటి అడవిలో ఎక్కడో పడుతుంది. పాప కాకిని అడుగుతుంది, ఉడతని అడుగుతుంది, వానని అడుగుతుంది. కథ ఇంతే. ఎరుపు, ఆకుపచ్చ. పాటంతా ఆ రెండు రంగులే. కప్పాయన కళ్ళకి లోకంలో ఉన్న రంగులన్నీ కనిపిస్తాయి, ఆ రెండూ తప్ప. ఆయనకి పండుమిరప, పచ్చిమిరప ఒక్కలాగే ఉంటాయి.

ఈ సంగతి లోకంలో ఒక్క మనిషికే తెలుసు. రెండో తరగతిలో ఉండగా బొమ్మల పీరియడ్‌లో ఆయన ఒక పువ్వు, నాలుగు ఆకులు వేశాడు. మాస్టారు ఆ కాగితాన్ని ఎత్తిపట్టి క్లాసంతటికీ చూపించాడు. పువ్వేమో ఆకుపచ్చగా ఉంది, ఆకులేమో ఎర్రగా ఉన్నాయి. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు. నలభై మంది పిల్లలు పగలబడి నవ్వారు. తనేం తప్పు చేశాడో తెలియక నిలబడ్డ ఆ పిల్లవాడికి ఆ నవ్వు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది.

ఆ సాయంత్రం రెండు క్లాసులు పెద్దదైన అక్క వాడి రంగుల పెట్టె తీసుకుని పెరటి మెట్ల మీద కూర్చుంది. ఎర్ర ముక్క తీసి చివర పంటితో ఒక గాటు పెట్టింది. ఆకుపచ్చ ముక్క మీద రెండు గాట్లు పెట్టింది. మైనం రుచికి మూతి వంకర పెట్టి, ఉమ్మేసి, "ఒక గాటు ఎరుపు, రెండు గాట్లు ఆకుపచ్చ. వేలితో తడిమి చూసుకో. ఎవడితోనూ అనకు" అంది. వాడు అనలేదు. పెద్దయ్యాక ఏరికోరి నల్లసిరా ఉద్యోగం వెతుక్కున్నాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా భార్యతో కూడా అనలేదు. బట్టల కొట్లో ఆవిడ ఏ రంగు బాగుందండీ అని అడిగితే, "నీకేది నచ్చితే అదే" అనేవాడు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అని ఆవిడ వీధి వీధంతా చెప్పుకునేది.

అక్క ఇప్పుడు రెండు వీధుల అవతల టైలరు. ఒక్కసారి చూసిన గుడ్డకి నెల తర్వాత కూడా సరిగ్గా అదే రంగు దారం తెచ్చి పెట్టగలదు. నోరు మాత్రం ఆవిడ కత్తెర కంటే పదును. కప్పాయన వెళ్ళి పాట పేరు చెప్పగానే మిషను ఆపి నెత్తి కొట్టుకుంది.

"ఇన్ని పాటలుండగా నీకు ఇదే దొరికిందట్రా? నల్లమబ్బు పాటో, తెల్లకొంగ పాటో దొరకలేదా?"

"అట్ట మీద పేరు వేస్తారట అక్కా."

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. మెళ్ళో వేలాడుతున్న కొలతల టేపు చేత్తో చుట్టింది, మళ్ళీ విప్పింది. "పొద్దున్నే వస్తా. రంగులు కొని పెట్టు" అంది.

అలా మొదలైంది. ఆయన ప్రెస్సుకి పొడుగు సెలవు పెట్టాడు. రంగు గొట్టాల మీద పేర్లుంటాయి, చదువుకోవచ్చు. చిక్కంతా కలిపిన రంగుతోనే. లేతాకు వేరు, ముదురాకు వేరు, నీడలో ఆకు వేరు. అవన్నీ అక్క కలిపేది. ప్రతి ఉదయం దుకాణం తెరవకముందే వచ్చి ఒక పింగాణీ పళ్ళెంలో ముద్దలు పెట్టేది. ఆ పళ్ళెం అంచున ఒకచోట చిన్న పెచ్చు ఊడి ఉంది. అదే వాళ్ళకి గుర్తు. పెచ్చు పైకి ఉండేట్టు పళ్ళెం పెట్టుకుంటే పైన ఎరుపులు, కింద ఆకుపచ్చలు, పక్కల నీలం, పసుపు. ముద్దలు ఆరకుండా తడిగుడ్డ కప్పి వెళ్ళిపోయేది. సాయంత్రం దుకాణం మూసి వచ్చి ఆ రోజు వేసిన బొమ్మ చూసేది. ఆడపడుచు రోజుకి రెండుసార్లు ఎందుకొస్తుందో కప్పాయన భార్యకి అర్థమయ్యేది కాదు. తమ్ముడంటే ప్రాణం కాబోలు అని సరిపెట్టుకుంది.

కప్పాయన పని పద్ధతి మాత్రం చూసి తీరాల్సింది. తెల్లకాగితాలు మడిచి ఉత్త పుస్తకం ఒకటి కుట్టుకున్నాడు. పాట పాడుతూ దాని పేజీలు తిప్పేవాడు. గొంతు ఎక్కడ ఊపిరి కోసం ఆగుతుందో అక్కడే పేజీ తిరగాలి, ఒక్క మాట ముందూ కాదు, వెనకా కాదు. అలా పాటని పన్నెండు బొమ్మలుగా కోశాడు. పాట మధ్యలో మాటలు లేకుండా వేణువు ఒక్కటే వాయించే చోటు ఉంది. బస్సు డ్రైవర్లు కూడా అక్కడ ఈల ఆపి వింటారు. పదో బొమ్మ ఆ చోటుది. ఆ పేజీల్లో అక్షరం ఉండదు, ఆకాశం ఉండదు. రెండు పేజీల నిండా చెట్లు, వాటి మధ్య ఎక్కడో గొడుగు, ముందు తెల్లగౌను పాప వీపు. అంతే. ఆ బొమ్మ కోసమే మిగతా పదకొండూ వేస్తున్నట్టు ఉండేది ఆయనకి. దాన్ని ఆఖరికి అట్టిపెట్టుకున్నాడు.

బడులు తెరిచే రోజులొచ్చాయి. అక్క దుకాణంలో యూనిఫారాల గుట్టలు పేరుకున్నాయి. పదో బొమ్మ వేయాల్సిన రోజున ఆవిడ వచ్చి, నిలబడే గబగబా రంగులు కలిపింది. ఆకాశం లేదు కాబట్టి నీలం, పసుపు అక్కర్లేదు. మూడు ఎరుపులు, మూడు ఆకుపచ్చలు. తడిగుడ్డ కప్పేసి, "సాయంత్రం వస్తా, అప్పటిదాకా ఎవరికీ చూపించకు" అని పరుగున వెళ్ళిపోయింది.

ఆవిడకీ తెలియనిది, ఆయనకీ తెలియనిది ఒకటుంది. ముందురోజు గిన్నెలు తోముతుండగా కప్పాయన భార్య చేతిలోంచి ఆ పళ్ళెం జారి తొట్టి అంచుకి తగిలింది. రెండోవైపు, సరిగ్గా పాత పెచ్చుకి ఎదురుగా, ఇంకో పెచ్చు ఊడింది. అసలే పెచ్చు ఊడిన పళ్ళెం, దీనికి చెప్పేదేముంది అని ఆవిడ తుడిచి పెట్టేసింది. ఆవిణ్ణి అనడానికి లేదు. చెప్పాల్సిన సంగతి చెప్పి ఉంటే ఆవిడా చెప్పి ఉండేది.

అక్కకి హడావిడిలో కొత్త పెచ్చే కనిపించింది, దాని పక్కన ఎరుపులు పెట్టింది. కప్పాయనకి గుడ్డ తీయగానే పాత పెచ్చు కనిపించింది, దాన్ని పైకి తిప్పుకున్నాడు. కొత్త పెచ్చు మడిచిన గుడ్డ కింద ఉండిపోయింది. వేరే రోజైతే నీలం, పసుపు తారుమారైన సంగతి ఆయన కళ్ళే పట్టేసేవి. ఆ రోజు పట్టడానికి అక్కడ ఏముంది? ఆరు ముద్దలూ ఆయనకి ఒకే మట్టిరంగులో కనిపించాయి. అలవాటు ప్రకారం పక్కన చిత్తుకాగితం మీద కుంచె విదిల్చి, బాణం గుర్తు వేసి, "ఆకు" అనీ "గొడుగు" అనీ రాసుకున్నాడు. బాణాలు వేయకుండా పని చేయడం ఆ చేతికి రాదు. మధ్యాహ్నం మూడింటికి బొమ్మ పూర్తయింది. అంత తృప్తిగా ఆయన ఏ పనీ చేయలేదు.

నాలుగింటికి పుస్తకాలావిడ కారు పంపింది. "పాట రాసిన పెద్దాయన రేపు రావాల్సింది ఈరోజే వచ్చారండీ. రేపు పొద్దున్నే వెళ్ళిపోతారట. ఆరున్నరకి ఆయనకి బొమ్మలు చూపించాలి. ఆయన సంతకం పెడితేనే అచ్చుకి వెళ్తుంది" అన్నాడు డ్రైవరు. కప్పాయన బొమ్మల వైపు చూశాడు. పదకొండు బొమ్మలూ అక్క చూసింది. పదోది చూడలేదు. దుకాణానికి ఫోన్ చేశాడు. మిషన్ల రొదలో ఎవరూ ఎత్తలేదు. డ్రైవరు గుమ్మంలో తాళాలు గలగలలాడిస్తున్నాడు. మూడు నెలల్లో పళ్ళెం ఒక్కసారైనా మోసం చేసిందా అని తనకి తనే చెప్పుకుని, పన్నెండు బొమ్మలూ అట్టల మధ్య పెట్టి ఇచ్చేశాడు. కారు వెళ్ళాక కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు.

అయిదున్నరకి అక్క వచ్చింది. చెప్పులు విప్పుతూనే బల్ల వైపు చూసి ఆగిపోయింది. చిత్తుకాగితం చేతిలోకి తీసుకుంది.

"ఏరా, ఇది దేనికి బాణం?"

"ఆకులకి."

"మరి ఇది?"

"గొడుగుకి. రాశానుగా."

అక్క పళ్ళెం అందుకుని చుట్టూ తిప్పింది. ఒక పెచ్చు మీద బొటనవేలు ఆగింది. రెండో పెచ్చు మీద ఆగింది. జీవితంలో ఎన్నడూ మాట తడుముకోని మనిషి నోరు తెరిచి మూసింది. అప్పుడు కప్పాయనకి అర్థమైంది. కుర్చీలో కూలబడ్డాడు.

"బొమ్మ ఏది?" అంది అక్క.

"వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"ఆఫీసుకి. ఆరున్నరకి పెద్దాయన చూస్తారు."

"మరి కూర్చున్నావేంరా, లే!"

భార్య వంటింట్లోంచి వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ వీధి మలుపు దాటుతున్నారు. అక్క మెళ్ళో టేపు అలాగే ఉంది. బస్సు కిక్కిరిసి ఉంది. చౌరస్తా దగ్గర ఆగిపోయింది. కప్పాయన కిటికీలోంచి తొంగి చూశాడు. సిగ్నల్లో పై దీపం వెలిగింది కాబట్టి ఎరుపు. ఆయన కళ్ళు ఆ దీపాన్ని వదల్లేదు. ఆరుంబావయింది. కింది దీపం వెలిగింది. తర్వాతి చౌరస్తాలో మళ్ళీ పై దీపమే. పక్కన ఎవరో ఎర్రగొడుగు పాటే ఈల వేస్తున్నాడు. వాడి నోరు నొక్కేద్దామనిపించింది.

"ముందే చూశారనుకో, ఏం చెప్తావు?" అంది అక్క మెల్లగా.

"తెలీదు. బొమ్మ మార్చుకొస్తానని చెప్పి పట్టుకొచ్చేస్తా. నువ్వు మాత్రం నోరు విప్పకు. తెలిస్తే పుస్తకం నా చేతిలో ఉంచరు."

"నేనెప్పుడు విప్పాను?" అంది అక్క. అది నిజమే.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు. తలుపు పక్కన గోడవార ఒక బెంచీ ఉంది. "నువ్వు ఇక్కడే కూర్చో అక్కా" అన్నాడు కప్పాయన. ఆవిడ కూర్చుంది. ఆయన మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

ఆలస్యమైపోయింది. పొడుగాటి బల్ల మీద పన్నెండు బొమ్మలూ వరసగా పరిచి ఉన్నాయి. పదో బొమ్మ ముందు పాటల పెద్దాయన వంగి నిలబడ్డాడు. ఎనభై ఏళ్ళుంటాయి, పలచటి మనిషి. పుస్తకాలావిడ ఎదురొచ్చి కప్పాయన రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత పని చేశారండీ! మాకు ముందు చెప్పనైనా లేదు. గొడుగు పోయేసరికి పాపకి లోకమే తలకిందులైపోయింది, చెట్లు ఎర్రబడిపోయాయి, గొడుగేమో ఆకుపచ్చగా మారిపోయింది! ఇలా ఎవరికి తోస్తుందండీ? ఆ వేణువు చోట ఇదే పడాలి. ఇదే!"

కప్పాయన అనుకున్నవి తిట్లు, నవ్వులు. పొగడ్త వస్తుందని అనుకోలేదు. ఆవిడ చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకున్నాడు. ఆ తర్వాత, చెప్పకపోతే అబద్ధం అవుతుంది కాబట్టి చెప్తున్నా, ఆయన తల ఊపాడు. "అవునండీ" అన్నాడు. "అలాగే వేద్దామనిపించింది."

బయట బెంచీ మీద అక్క ఈ మాట విన్నది. తలుపు సగమే వేసి ఉంది.

పెద్దాయన తలెత్తాడు. కళ్ళలో నీళ్ళున్నాయో, వయసు తడో తెలియదు. "నాయనా, నలభై ఏళ్ళుగా ఈ పాట వింటున్నా. ఆ వేణువు దగ్గర నాకేమనిపించేదో ఎవరికీ చెప్పలేకపోయా. నువ్వు వేసి చూపించావు" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు, ఒప్పందం కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కప్పాయన ఆ పెన్ను వైపే చూస్తున్నాడు. ఒక్క సంతకం. అంతే.

పెన్ను కాగితం మీద ఆనబోతూ ఆగింది. పెద్దాయన సంచిలోంచి పాత నోటుబుక్కు ఒకటి తీసి తెరిచాడు. "పాట మొదట రాసుకున్నది ఇందులోనే. ముందు దీని పక్కన నీ చేత్తో చిన్న గొడుగు వేసిపెట్టు. ఎర్రగా. ఆ తర్వాత సంతకం పెడతా" అన్నాడు ముచ్చటగా.

పుస్తకాలావిడ నవ్వుతూ కిటికీ కింద ఉన్న డబ్బా తెచ్చింది. ఆఫీసుకి వచ్చే పిల్లలు ఆడుకునే మైనపు రంగుల డబ్బా. అన్నీ అరిగిపోయిన ముక్కలు. వాటికి చుట్టిన కాగితాలు పిల్లలు ఎప్పుడో పీకేశారు. ఒక్కదాని మీదా పేరు లేదు.

కప్పాయన డబ్బాలోకి చూశాడు. నీలం తెలిసింది, పసుపు తెలిసింది. మిగతా ఏడెనిమిది ముక్కలూ ఒక్క మట్టిరంగు. ఒకటి తీశాడు, వేలితో తడిమాడు. నున్నగా ఉంది. ఇంకోటి తీశాడు. అదీ నున్నగానే ఉంది. చెమట కణతల మీంచి కాలరులోకి దిగింది. ఏదో ఒకటి వేసేద్దామా? సగానికి సగం అవకాశం. కాకపోతే ఇదీ తలకిందుల లోకమే అనొచ్చు. వాళ్ళు నమ్ముతారు కూడా. వాళ్ళ మొహాలు అంత నమ్మకంగా ఉన్నాయి. రెండో తరగతి గది గుర్తొచ్చింది, నలభై నోళ్ళు గుర్తొచ్చాయి. అవి నవ్వితే ఏడ్చాడు, ఇప్పుడు వీళ్ళు మెచ్చుకుంటుంటే అంతకంటే ఎక్కువ ఏడుపు వస్తోంది.

"ఏం నాయనా?" అన్నాడు పెద్దాయన.

కప్పాయన డబ్బా పట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. తలుపు పూర్తిగా తెరిచాడు.

"అక్కా, లోపలికి రా."

ఆవిడ లేవలేదు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"రా అక్కా. నాకు కనబడట్లేదు."

అప్పుడు లేచింది. మెళ్ళో టేపుతో, భుజం మీద దారప్పోగులతో లోపలికి వచ్చింది. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. డబ్బాలోకి ఒక్కసారి చూసి ఒక ముక్క తీసింది. దాన్ని నోట్లో పెట్టుకుని చివర ఒక్క గాటు పెట్టి, చీరకొంగుతోనో దేనితోనో కాదు, అలాగే అరచేత్తో తుడిచి తమ్ముడి చేతిలో పెట్టింది. మైనం రుచికి మూతి వంకర పెట్టింది.

కప్పాయన వంగి నోటుబుక్కులో ఎర్రగొడుగు వేశాడు. వేస్తూనే చెప్పాడు, రెండో తరగతి నుంచి పళ్ళెం దాకా. తల ఎత్తకుండా చెప్పాడు. "ఈ బొమ్మలో ఆలోచన ఏమీ లేదండీ. తప్పు జరిగింది. ఇందాక అవునన్నది అబద్ధం."

అక్క అప్పుడే పదో బొమ్మ చూసింది. "అయ్యో, చెట్లన్నిటికీ జ్వరం వచ్చిందేంట్రా!" అంది. పుస్తకాలావిడ ఇందాకటి పొగడ్తలన్నీ ఎక్కడ దాచుకోవాలో తెలియక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "సరే, అయిందేదో అయింది. ఇది మన నలుగురి మధ్యే ఉండిపోనివ్వండి. రంగులు తెలియని మనిషి వేశాడంటే రంగుల పుస్తకం ఎవరు కొంటారు? ఈ ఒక్క బొమ్మ మళ్ళీ వేసివ్వండి. అట్ట మీద మీ పేరు అలాగే ఉంటుంది" అంది.

అక్క తమ్ముడి వైపు చూసి సరే అనమన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది.

కప్పాయన ఆవిడనే చూస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తన పేరు వేయలేదని ఎన్ని భోజనాలు పాడుచేశాడు! పొద్దున్నే వచ్చి రంగులు కలిపి, సాయంత్రం వచ్చి చూసి, ఇప్పుడు బెంచీ మీద కూర్చోమంటే కూర్చున్న ఈ మనిషి పేరు ఎక్కడ ఉంది? ఆ ఆలోచన తనకి ఒక్క రోజు కూడా రాలేదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"రెండు పేర్లు వెయ్యండి" అన్నాడు. "లేదంటే నా పేరూ వద్దు."

"అట్ట తయారైపోయిందండీ. ఒక్క వరసకే చోటుంది."

"అయితే ఆ వరసలో అక్క పేరు వెయ్యండి."

"వీడికి మతి పోయిందండీ, మీరు పట్టించుకోకండి" అంది అక్క.

పెద్దాయన పెన్ను మూత పెట్టేసి జేబులో వేసుకున్నాడు. సంతకం పెట్టలేదు. నోటుబుక్కు మూస్తూ, "బొమ్మ మళ్ళీ వేసి పంపండి. అట్ట కూడా పంపండి. అప్పుడు చూద్దాం" అని మాత్రం పుస్తకాలావిడతో అన్నాడు. వెళ్తూ వెళ్తూ గాటు పెట్టిన ఎర్రముక్క అడిగి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యకి కూడా చెప్పాడు. ఆవిడ విని విని నడుము మీద చేతులు పెట్టుకుంది. "అంటే ఇరవై రెండేళ్ళుగా నా మీద ప్రేమతో కాదన్నమాట! కనపడక నీకేది నచ్చితే అదే అన్నారా? నేను వీధి వీధంతా చెప్పుకుని తిరిగానే!" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పళ్ళెం రెండో పెచ్చు చుట్టూ నల్లసిరాతో గీత గీసి తెచ్చి పెట్టింది. పదో బొమ్మ మళ్ళీ వేశాడు. చెట్లు ఆకుపచ్చగా, గొడుగు ఎర్రగా, అందరికీ కనిపించేట్టు. అక్క పక్కనే యూనిఫారం గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది.

పంపాక నెల గడిచింది. కబురు లేదు. ఫోన్ చేయడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. రెండో నెలలో పార్శిలు వచ్చింది. విప్పకుండా చంకలో పెట్టుకుని అక్క దుకాణానికి పరుగెత్తాడు. ఆవిడ పెద్ద కత్తెరతో తాడు కత్తిరించింది.

అట్ట మీద అడవి. పైన పాట పేరు. దాని కింద పాటల పెద్దాయన పేరు చీమంత అక్షరాల్లో ఉంది. ఆయనే తగ్గించమన్నాడని లోపల చీటీలో ఉంది. అలా మిగిలిన చోట, ఒకే వరసలో, ఒకే సైజులో, రెండు పేర్లు. బొమ్మలు అని ఒకటి, రంగులు అని ఒకటి.

అక్క మిషను మీద రెండు చేతులూ ఆనించి చూస్తూ ఉండిపోయింది. చివరికి ముక్కు ఎగబీల్చి, "నీ పేరు ఎర్రగా వేశారు. నాది ఆకుపచ్చ" అంది.

కప్పాయన పుస్తకం వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయే అక్కా" అన్నాడు.